రాళ్ళగుడి ఆవరణలో దయామణి టీచరు గారి చోటు

ఈమధ్య మా వీధి చివర పాత సత్రాన్ని బాగుచేస్తూ సిమెంటు బదులు గానుగ సున్నం కలుపుతున్నారు. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, నానబెట్టిన బెల్లం. అటుగా నడిచి వెళ్తుంటే ఆ వాసన గుప్పున తగిలింది. అక్కడి అరుగు మీద కూలబడ్డాను. పనివాళ్ళు మంచినీళ్ళిచ్చి, ముసలావిడకి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. నేను కాదనలేదు. బెల్లం కలిసిన సున్నం గురించి దయామణి టీచరు గారు చెప్పినది వాళ్ళకి చెప్పడం అంత తేలిక కాదు.

పందొమ్మిదివందల యాభైల్లో చోడవరంలో చర్చివాళ్ళ చిన్నబడిలో నాకు టీచరుద్యోగం వచ్చింది. మాది రోలుగుంట వైపు చెరుకు పండించుకునే కుటుంబం. పెళ్ళికాని పిల్ల, అదీ వేదం పుచ్చుకున్న కిరస్తానీవాళ్ళ బడిలో పాఠాలు చెప్పడమేమిటని మా పెద్దనాన్న చాలారోజులు నాతో మాట్లాడలేదు. ఆ బడికి హెడ్మిస్ట్రెస్ దయామణి గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మొదటిరోజు బోర్డు ముందు బిగుసుకుపోయిన నన్ను చూసి, "ఏటే పార్వతీ, సుద్దముక్కని అలా అట్టీసుకున్నావు? అది కరవదులే" అన్నారు. పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. పాఠం చెప్పడం నాకు ఆ నవ్వుతోనే మొదలైంది.

బడి పక్కనే చర్చి. ఊరందరికీ అది రాళ్ళగుడి. గోడకున్న నల్లరాతి పలక మీద కట్టించిన దొర పేరు చెక్కి ఉండేది. నేను గుడి మెట్టు మీద నిలబడి దాన్ని శ్రద్ధగా చదువుతుంటే టీచరు గారు వెనకనుంచి వచ్చి, "అది సదివి ఇదే సరిత్ర అనుకోకు" అన్నారు. కరువులో కట్టారట ఆ గుడిని. కొండ నుంచి రాళ్ళు మోసినవాళ్ళకి గంజి పోసేవారట.

"సున్నంలో కలపడానికి బళ్ళ మీద బెల్లం వచ్చీది. ఆకలికి జనం తినేస్తన్నారని, మేస్త్రీ దింపినెంటనే దాని మీద సున్నం కొట్టించీవోడు. మా నాయనమ్మ సెల్లెలు అప్పటికి సిన్న గుంట, ఐదారేళ్ళ ఆడపిల్ల. ఆ సున్నం బెల్లమే నాకీసింది. గొంతు కాలిపోయి సచ్చిపోయింది. బాప్తిస్మం లేదు, ఏటీ లేదు. ఈ మెట్టు కిందే పెట్టేరు."

నేను గభాలున మెట్టు మీంచి కాలు తీశాను. "తీసి ఏటి సేస్తావు? అందరం తొక్కే ఎక్కుతాం" అన్నారావిడ.

గుడి వెనక సమాధుల తోట. అక్కడ భర్త సమాధి పక్కన భార్యకు చోటు వదిలి, చుట్టూ ఇటుకలు పాతి ఉంచడం వాళ్ళ ఆచారం. టీచరు గారు వారం వారం వెళ్ళి తన చోట్లో గడ్డి పీకేవారు. "నా ఇల్లు సూసేవా? ఆయన పక్కకి పోవడమొక్కటే నాకింక మిగిలిన ఆశ" అనేవారు. ఆ మాట బస్సులో సీటు దొరికిన మనిషిలా నిశ్చింతగా అనేవారు.

పేటలో యోహాను అని ఒకతను ఉండేవాడు. వేదం పుచ్చుకున్నవాళ్ళకి షెడ్యూల్డు కులాల కోటా వర్తించదన్న ఉత్తర్వు కొత్తగా వచ్చిన రోజులవి. బంట్రోతు ఉద్యోగం కోసం యోహాను పాత పేరుతో హిందువునని రాయించుకున్నాడు. గుట్టుగా ఆ పని చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అతను మాత్రం మనసు ఒప్పక చర్చి సంఘం పెద్దల దగ్గరకెళ్ళి తనే చెప్పేసి, క్షమించమన్నాడు. వాళ్ళు వెలివేశారు. ఆ వానాకాలంలోనే అతని కూతురు రూతు, నా తరగతి పిల్ల, జ్వరమొచ్చి పోయింది. సమాధుల తోట గేటుకి తాళం పడింది.

బిడ్డను దుప్పటిలో చుట్టుకుని యోహాను వానలో గేటు ముందు నిలబడ్డాడు. అతనికి ఏడవడం కూడా చేతకావడం లేదు. కబురు తెలిసి టీచరు గారూ నేనూ వెళ్ళాం. సంఘ పెద్ద తలొంచుకుని, "మాకూ కడుపు తరుక్కుపోతంది టీచరమ్మా. ఇయ్యాల ఈడికి ఒప్పుకుంటే రేపు సంఘం మిగల్దు" అన్నాడు.

"మెట్టు కిందున్న గుంటకి ఏ సంఘం ఉందని పెట్టేరు?" అన్నారు టీచరు గారు.

"అప్పుడు సంఘం లేదమ్మా. ఇప్పుడుంది."

టీచరు గారు గేటు ఊచల్లోంచి తన చోటు వైపు చూశారు. ఇక ఆవిడా ఓడిపోయారనుకున్నాను. అంతలో పెద్ద వైపు తిరిగి, "మా ఆయన పక్క చోటు నాదేనా?" అని అడిగారు.

"నీదే. కాదన్నదెవరు?"

"అయితే తాళం తియ్యండి. నా చోట్లో ఈ గుంటని పెడతన్నాను."

"మరి రేపు నీ సంగతేటి?"

"అది నేను సచ్చేక సూసుకుందాం."

యోహాను వద్దమ్మా అంటూ ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. "నీకు కాదురా ఇస్తన్నది, గుంటకి. లే, తడిసిపోతంది" అన్నారు. పెద్దలు తాళం తీశారు.

అంతా అయ్యాక బడి వరండాలో నా పక్కన కూర్చున్నారు. నేనేదో గొప్పగా అనబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోవే. ఒక్కర్తినీ పడుకోవాలంటే భయమేస్తంది" అని వెక్కి వెక్కి ఏడ్చారు. అంత పెద్ద గొంతు ఆరోజు అస్సలు బయటికి రాలేదు.

ఆవిడ పోయేనాటికి తోట నిండిపోయింది. రూతు ఎముకలు పక్కకి జరిపి చోటు చేస్తామని పెద్దలే వచ్చి నన్నడిగారు, ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరని. మంచిమనసుతోనే అడిగారు. కానీ మంచాన ఉన్నప్పుడే టీచరు గారు నా చేత ఒట్టు వేయించుకున్నారు, ఆ పిల్లని లేపనివ్వకూడదని. ఆవిడని గోడ అవతల, చెరుకుతోట గట్టున పెట్టాం. చుట్టుపక్కల ఇంకో సమాధి లేదు. రాళ్ళగుడి చూడ్డానికి వచ్చినవాళ్ళు పలక చదివి వెళ్ళిపోతారు.

ఆ తర్వాత ఉద్యోగంలోనూ ఇంట్లోనూ, ఎవరికో ఇక్కడ చోటు లేదని నలుగురూ తేల్చేస్తుంటే నా చోటు ఇచ్చేసి బయటికి వచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. గొప్పపని చేశానని ఎప్పుడూ అనిపించలేదు. ప్రతిసారీ భయమేసింది. ఆవిడకీ భయమేసిందని తెలుసు కాబట్టే ఇవ్వగలిగాను.