గీత దగ్గరే ఆగిన ఇంకు

దయ్యం కథలు చెప్పేవాళ్లని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అంతా విన్నాక నవ్వి పంపించే రకం నేను. ఈ ఉత్తరాది ఉక్కు ఊళ్లో, కద్మా పేటలో నా ఫొటో దుకాణానికి ముప్పై ఏళ్లు. ఫొటోలో ఎవరిదో నీడ పడిందని భయపడుతూ వచ్చినవాళ్లకి, అది లెన్సు మీద తేమ అని తుడిచి చూపించినవాణ్ణి. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం కుదరలేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

ముందు ప్రింటరు సంగతి చెప్పాలి. పాతది చిన్న డబ్బాల్లో ఇంకు వచ్చే రకం. కొన్నప్పుడు చవకే, ఆ తర్వాత డబ్బాలు కొనలేక చచ్చాను. రెండేళ్ల కిందట బిష్టుపూర్, సాక్చి బజార్లలో వారం రోజులు దుకాణాలన్నీ తిరిగి, సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు ప్రింటరు తీసుకున్నాను. నాలుగు రంగులది చాలన్నాడు షాపతను. నేను ఆరు రంగులదే కావాలని పట్టుబట్టాను. మనిషి మొహం నున్నగా రావాలంటే లేత నీలం, లేత గులాబీ కూడా ఉండాలి.

నేను పిసినారిని, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ ప్రింటరు ఆన్ చేసిన ప్రతిసారీ తన మూతి తానే కడుక్కోవడానికి కొంత ఇంకు తాగేస్తుంది. అందుకని ఫ్యాక్టరీ గేట్‌పాస్ ఫొటోల కోసం వచ్చే కాంట్రాక్టు కూలీలు నలుగురైదుగురు పోగయ్యేదాకా ఆన్ చేసేవాణ్ణి కాదు. పని మొదలెట్టే ముందు ఇంకు ఎంతవరకు ఉందో ట్యాంకుల మీద మార్కరుతో గీత గీసేవాణ్ణి. పని అయ్యాక ఎంత దిగిందో చూసుకునేవాణ్ణి.

మా ఆవిడ రమణమ్మ ఒకసారి అడిగింది.

"నాదొకటి పెద్దది తియ్యరాదేటి? గోడకెడదాం."

"ఇంకు ఎంతవుద్దో నీకేటి తెల్సు? ఫోన్లో ఉంది కదా, సూసుకో" అన్నాను.

"సర్లెండి, ఊరికే అన్నాను" అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

కిందటి చలికాలం ఒక ఉదయం టీ గ్లాసులు కడుగుతూ కూలబడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరేం చెయ్యమంటే అది చేశాను. అన్నం పెడితే తిన్నాను. లోపల ఏమీ కదల్లేదు.

ఇక్కడి మా తెలుగువాళ్లలో, పెద్దకర్మకి వచ్చిన దగ్గరి చుట్టాలకి పోయినవాళ్ల ఫొటో ఒకటి చేతికిచ్చి పంపడం అలవాటు. పదో రోజు పొద్దున్న దుకాణం తెరిచాను. మా అమ్మాయి ఫోన్లో ఉన్న రమణమ్మ ఫొటో తీసుకుని, పెద్ద కాగితం మీద ముప్పై కాపీలు పెట్టాను. వెనకాల ముదురు నీలం వేశాను. ఇంకు బాగా తాగే రంగు అది. కావాలనే వేశాను.

ముప్పై ఫొటోలూ చక్కగా వచ్చాయి. అలవాటు కొద్దీ ట్యాంకుల వైపు చూశాను. ఆరింటిలోనూ ఇంకు నేను పొద్దున్న గీసిన గీత దగ్గరే ఉంది.

ముప్పై పేజీలు తీసినట్టు ప్రింటరు లెక్క చూపిస్తోంది. ముప్పై ఫొటోలు ఎదురుగా బల్ల మీద ఉన్నాయి, రంగు వేలికి అంటుతోంది కూడా. నా కళ్లే సరిగా లేవేమో అనుకుని ఊరుకున్నాను.

తర్వాతి వారం వేరే ఇంట్లో పోయినవాళ్ల ఫొటోలు కూడా ముప్పై, అదే సైజులో, అదే నీలంతో తీశాను. ఇంకు చిటికెన వేలి మందం దిగింది. రమణమ్మవి మళ్లీ పది తీశాను. దిగలేదు.

సాక్చి నుంచి మెకానిక్‌ని పిలిపించి, అతని ఎదురుగానే ఇంకో పది తీశాను. అతను ట్యాంకులు తట్టాడు, గొట్టాలు విప్పి చూశాడు, మళ్లీ బిగించాడు. "ఐసా హో హీ నహీ సక్తా, అంకుల్" అన్నాడు. అలా జరగడానికి వీల్లేదట. డబ్బులివ్వబోతే తీసుకోకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మా అమ్మాయి వచ్చేసరికి నేను ప్రింటరు ముందే ఉన్నాను. బల్ల మీద, కుర్చీల్లో, నేల మీద అంతా వాళ్లమ్మ ఫొటోలే. అది ఫొటోలు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వచ్చింది.

"బస్ కీజియే, పాపా" అంది, ఇక చాలు నాన్నా అని బతిమాలుతున్నట్టు.

"ఇంకు ఈ గీత కిందకి దిగాలమ్మా. రవ్వంతైనా దిగితే ఆపేత్తాను" అన్నాను.

అది నా పక్కన కూర్చుని, ఒక్కొక్క కాగితం అందిస్తూ పోయింది. సాయంత్రానికి దుకాణంలో ఉన్న కాగితాలన్నీ అయిపోయాయి. ఇద్దరం వంగి ట్యాంకులు చూశాం. ఆరింటిలోనూ ఇంకు గీత దగ్గరే ఉంది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ పోయాక నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ ఇప్పటిదాకా దొరకలేదు. బతికున్నన్నాళ్లూ ఆవిడ కోసం ఒక్క చుక్క ఖర్చు పెట్టలేదు. ఇప్పుడు పెడతానంటే తీసుకోవడం లేదు.