ఎర్రప్ప రాయి

పెనుకొండ దాటాక హైవే పక్కనున్న పెట్రోల్ బంకులో పదకొండేళ్లుగా డీజిల్ కొడుతున్నాను. నిలబడి నిలబడి కాళ్లు పోయాయి, లారీవాళ్ల మీద అరిచి అరిచి గొంతు పోయింది. డీజిల్ పట్టించుకుని బండిని పంపు దగ్గరే వదిలేసి టీకి పోతారు. వెనక బండ్లన్నీ హారన్ కొడుతుంటే తాపీగా మూతి తుడుచుకుంటూ వస్తారు. బండి జారకుండా చక్రం కింద పెట్టిన రాయిని దారిలోనే వదిలేసి పోతారు. ఆ తర్వాత స్కూటర్ల మీద వచ్చేవాళ్లు దానికి తగులుకుని పడతారు.

ఎర్రప్పన్న మీద మాత్రం ఒక్కసారీ అరవలేదు. కనగానపల్లి మనిషి, యాభై ఆరేళ్లు. హిందూపురం నుంచి ధర్మవరానికి ఇనుప కడ్డీలు తోలతాడు. డీజిల్ పట్టగానే బండిని ముందుకు తీసి పక్కన ఆపి, చక్రానికి రాయి పెట్టి, అప్పుడు మొహం కడుక్కుంటాడు. పోయేముందు ఆ రాయిని ఎత్తి క్యాబిన్‌లో పెట్టుకుంటాడు. ఇంట్లో నీ పెండ్లాం పద్మక్కనైనా మరిచిపోతావేమో గానీ దీన్ని మరవవు గదన్నా అని ఏడిపించేదాన్ని.

ఒకరోజు కారణం చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఇలాగే ఒక బంకు దగ్గర రాయి వదిలేశాడట. దాని మీద పడి ధర్మవరం నేతగాడొకడి మోకాలు చితికింది. ఆ మనిషి మళ్లీ మగ్గం గుంతలో కాలు పెట్టి నేయలేదు. రాయి ఎవరిదో నాకు చెప్పేదాకా ఎర్రప్పన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం ఆ ఎర్రప్పన్నే రాయి మరిచి వెళ్లిపోయాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను పంపు వదిలి కదిలేలోపే, బిడ్డను ముందు నిలబెట్టుకున్న ఒకామె స్కూటీ ఆ రాయి దాకా వచ్చి వెంట్రుకవాసిలో తప్పుకుంది. పరుగెత్తి రాయిని తీసి గట్టు మీద పెట్టాను.

అరగంటకు లారీ తిరిగొచ్చింది. దిగుతూనే అడిగాడు.

“ఎవురికన్నా తగిలిందా, పార్వతమ్మా?”

తగల్లేదని ఊరుకుంటే సరిపోయేది. ఊపిరి పీల్చుకుని, ఆ కళ్లతోనే మళ్లీ స్టీరింగ్ పట్టుకునేవాడు. నాకు భయమేసింది అందుకే.

“తగల్లేదన్నా. తగలబోయింది. బండి మీద చిన్నబిడ్డ కూడా ఉండాది.”

అక్కడే నేల మీద కూలబడ్డాడు. హిందూపురంలో లోడు ఆలస్యమై రెండు రాత్రులు కన్ను మూయలేదట. అయినా మూడు గంటలకల్లా ధర్మవరం చేరాలని ఓనరు లక్ష్మీకాంత్ ప్రాణం తీస్తున్నాడట. అన్నను చూస్తే ఏడుపొచ్చింది, ఆ ఓనరును తలుచుకుంటే ఒళ్లు మండింది. లారీని పక్కకు పెట్టించి, గట్టు మీది రాయి తెచ్చి చక్రం కింద నేనే పెట్టాను. క్యాబిన్‌లో పడుకోమని చెప్పి ఫోను ఇమ్మన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఆఫీసు గదిలోకి వెళ్లేసరికి ఫోను మోగింది. లోడు యాడికొచ్చిందని అటునుంచి ఓనరు కేకలు. నువ్వెవరని అడిగితే, డీజిల్ కొట్టే మనిషినని చెప్పాను.

“బండి కింద రాయి పెట్టినానప్పా. మీ డ్రైవరు నిద్ర లేసి, ఆయప్పే దాన్ని ఎత్తేదాకా ఆ బండి కదల్దు.”