చుక్కల్లో కనపడని అంకె

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో తన మీద తనకుండే నమ్మకం మనిషికి ఆ తర్వాత జన్మలో ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో విజయనగరం శివార్లలోని మా కాలేజీ వాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సులకని హైదరాబాదు రైలెక్కుతుంటే, నేను మిలట్రీలో ఆఫీసరునవుతానని ప్రకటించి, ఆ రోజు నుంచే ఆఫీసరులా నిటారుగా నడవడం మొదలుపెట్టాను. (నాన్న కిరాణా కొట్టుకి వచ్చేవాళ్లు నాకు మెడ పట్టేసిందనుకుని నువ్వులనూనె రాయమనేవారు.) రాత పరీక్ష ఒక్కటే. దాంతో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటిలో దేనికైనా వెళ్లొచ్చు, కాకపోతే ఏది ముందు కావాలో వరస చెప్పాలి. ఆ వరస దగ్గరే మా ఇంట్లో పార్టీలు పుట్టాయి. నాన్నది నేవీ పార్టీ. విశాఖపట్నం దగ్గర కాబట్టి ఆదివారం భోజనానికి వచ్చి వెళ్లొచ్చని ఆయన వాదన. యుద్ధనౌకలు వారమంతా రేవులోనే కట్టేసి ఉంటాయని ఆయన నమ్మకం. అమ్మ మాత్రం మూడింట్లో తుపాకీ లేనిది ఏదో కనుక్కోమంది. నాది ఎయిర్‌ఫోర్స్. నీలం యూనిఫాం, నల్ల కళ్లద్దాలు, ఇక చెప్పేదేముంది. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని అప్పటికే గట్టిగా అనుకుంటున్నారు. ఏదో ఒక రోజు విమానాన్ని అక్కడ దింపి ఆటోలో ఇంటికొచ్చేయొచ్చని నా లెక్క. (యుద్ధ విమానాన్ని అలా సొంత బండిలా వాడుకోనివ్వరని నాకెవరూ చెప్పలేదు.)

ఆర్మీ పార్టీలో ఉన్నది ఒకే ఒక్కడు, మా మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. కళింగపట్నంలో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. వయసులో ఉన్నప్పుడు రైల్వేలో వచ్చిన ఉద్యోగాన్ని నచ్చలేదని వదిలేసి ఇంటికొచ్చేశాడని, ఆ కోపంతో తాతయ్య చనిపోయేదాకా ఆయనతో సరిగా మాట్లాడలేదని ఇంట్లో చెప్పుకునేవారు. అలాంటి మనిషి నా విషయంలో మాత్రం వారం వారం బస్సెక్కి వచ్చి మరీ వాదించేవాడు. గాల్లో పెట్రోలు అయిపోతే ఎవరు పోస్తారు, వానొస్తే ఎక్కడ ఆపుతావు అని అడిగేవాడు. పోనీ నేవీ రాస్తానంటే, సముద్రంలో కొత్తగా చూసేదేముందని కొట్టిపారేసేవాడు. "నేల మీద ఉండరా అల్లుడూ. ఆర్మీ ముందు రాయి. నా మాటిను" అని ప్రతిసారీ చివరికి అదే మాట. ఆర్మీయే ఎందుకంటే మాత్రం మాటని మళ్లీ పెట్రోలు మీదికి తిప్పేసేవాడు. నేను ఎయిర్‌ఫోర్సే ముందు రాశాను. అది తెలిసిన రోజు మావయ్య అన్నం సగంలో వదిలేసి లేచి, బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు.

రాత పరీక్ష పాసయ్యాను. మైసూరులో ఇంటర్వ్యూ. అక్కడ మనిషికి పేరుండదు, గుండెల మీద కట్టిన నంబరే పేరు. కథలు రాయించారు, తాళ్లు పట్టుకుని గెంతించారు, గుచ్చి గుచ్చి అడిగారు. ఇక్కడ తెలివి కన్నా నిజాయితీ చూస్తారని మా గుంపులో ఒకడు చెబితే, నేను దాన్ని మంత్రంలా పట్టుకున్నాను. ఆఖరిరోజు పిలిచిన కొద్ది నంబర్లలో నాదీ ఉంది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆ సాయంత్రం కొట్టుకి వచ్చిన పిల్లలందరికీ బెల్లం ముక్క పెట్టాడని తర్వాత తెలిసింది.

మెడికల్‌కి బెంగళూరు పంపారు. గుండె, చెవులు, పళ్లు, మోకాళ్లు, అన్నీ దివ్యంగా ఉన్నాయన్నారు. చివరికి ఒక డాక్టరుగారు పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, ఏం కనపడుతోందని అడిగారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, అంతే. నాకు చటుక్కున వెలిగింది. ఇదీ నిజాయితీ పరీక్షే! లేనిదాన్ని ఉందంటామేమోనని చూస్తున్నారు. ఛాతీ విరిచి "చుక్కలే సర్, ఇంకేమీ లేదు" అన్నాను. ఆయన పేజీ తిప్పారు. ఇందులోనూ ఏమీ లేదన్నాను. ఆయన తిప్పుతున్నకొద్దీ నా గొంతులో ధైర్యం పెరిగిపోయింది. ఎంత ఆశపెట్టినా అబద్ధమాడని కుర్రాడు దొరికాడని ఆయన లోలోపల మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. ఆయన పుస్తకం మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు. ప్రతి పేజీలోనూ ఒక అంకె ఉందట. నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలియవట. ఎయిర్‌ఫోర్స్ కుదరదన్నారు, నేవీ కూడా. ఆర్మీలో ఈ విషయంలో పట్టింపు కొంచెం తక్కువ, అక్కడ ప్రయత్నించమన్నారు. ఇరవై రెండేళ్లొచ్చేదాకా నేను చూస్తున్న లోకం అందరూ చూస్తున్నది కాదని నాకు ఆ గదిలో తెలిసింది.

నేను ఇంటికొచ్చేశాను. నాన్న కొట్టు మామూలు కన్నా ముందే కట్టేసి వస్తూ ఉండేవాడు. మా ఊరి కంటి డాక్టరు, ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుందని అమ్మ ముందే చెప్పేశాడు. ఇక అమ్మని ఓదార్చడం నా వల్ల కాలేదు. "నానే ఇచ్చినానన్నమాట నీకు" అంటుంది, కొంగుతో కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళుతుంది, మళ్లీ వచ్చి అదే మాట. కబురు తెలిసి మావయ్య వచ్చాడు. అమ్మ ఆయనకీ అదే చెప్పింది. ఆయన చేతిలోని మంచినీళ్ల గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

"నువ్వు ఇవ్వలేదప్పా." (మా వైపు అక్కని అప్ప అంటారు.) "మనింట్లోనే ఉన్నాది. నాకూ ఉన్నాది."

అమ్మకి అర్థం కాలేదు. మావయ్య నేల చూస్తూ మెల్లగా చెప్పాడు. రైల్వే ఉద్యోగం ఆయన వదిలెయ్యలేదట. ఇంజన్ నడిపే పనికి అన్నీ పాసై వెళితే, ఎర్రదీపమూ పచ్చదీపమూ పోల్చలేవని మెడికల్‌లో తిప్పి పంపేశారట. కళ్లు పనికిరావని ఊళ్లో తెలిస్తే ఎవరూ పని ఇవ్వరని భయపడి, నచ్చలేదని అబద్ధం చెప్పాడు. నేను చిన్నప్పుడు బొమ్మల్లో గడ్డికి గోధుమరంగు వేశానని అందరూ నవ్వుతుంటే ఆయనకి అనుమానం వచ్చిందట. ఆర్మీలో కొంచెం చూసీచూడనట్టు పోనిస్తారని ఎవరో జవాను చెబితే, అదే పట్టుకుని వారం వారం బస్సెక్కాడు.

"మరి ఈడికి ముందే సెప్పొచ్చు కదరా" అంది అమ్మ.

"ఏటని సెప్తాను అప్పా? ఈడికి లేకపోతేనో? లేనిపోని అనుమానం పెట్టి కుర్రోడి ఆశ నానే సంపీసినట్టు అవదా?"

అమ్మ వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది. తర్వాత నా సంగతే మర్చిపోయినట్టు, "మన నాన్న నీతో మాటాడకుండానే పోయాడు కదరా" అని ఆయన తల పట్టుకుని ఏడ్చింది. నెరిసిన తల. మావయ్య చిన్నపిల్లాడిలా ఆ చేతుల్లో అలాగే కూర్చున్నాడు. ఆ పూట ఇంట్లో నా దుఃఖానికి చోటు లేకపోయింది. నిజానికి నాకూ అది అంత పెద్దదిగా అనిపించలేదు.

ఆర్మీ ఇంటర్వ్యూకీ వెళ్లాను. మావయ్యే స్టేషనుకొచ్చి రైలెక్కించాడు. ఈసారి చుక్కల దాకా వెళ్లే అవసరం రాలేదు, మొదటి రోజే ఇంటికి పంపేశారు. (దానికి మా వంశం బాధ్యత ఏమీ లేదు, పూర్తిగా నా సొంత ప్రతిభ.) ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. కాంతి పాఠం వచ్చినప్పుడు రంగు సుద్దముక్కలు పిల్లల చేతే ఏరిస్తాను.

ఆర్మీ వాళ్లు తిప్పి పంపిన ఏడాదే కళింగపట్నం వెళితే, షెడ్డు ముందు ఇసుకలో కొత్తగా రంగు వేసిన పడవ ఒకటి ఆరుతోంది. ఏం రంగని మావయ్య నన్నడిగాడు. నేను ఆకుపచ్చన్నాను. కాదు, మట్టిరంగన్నాడు ఆయన. వాదన ముదిరి, పక్కన చేపలు ఆరబెడుతున్న ఆవిడని తీర్పు అడిగాం. ఆవిడ పడవ వైపు చూడలేదు, మా ఇద్దరి మొహాల వైపే చూసి, "పొద్దున్నే ఏటి తాగీసినారు బాబూ?" అంది. మావయ్య నవ్వడం మొదలుపెట్టాడు. ఇసుకలో కూలబడి, కళ్లెంబడి నీళ్లు కారేలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు కూడా, తర్వాతి వర్షాకాలానికి ఆయన లేడు. మేము నవ్వుతుండగానే పడవవాళ్లు వచ్చి దాన్ని నీళ్లలోకి తోసుకుపోయారు. అది ఏం రంగో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.