కొలతలు తీయని గౌను

గౌన్లు కుట్టే పెద్దమ్మ దగ్గర పనికి చేరేనాటికి నాన్న పోయి, నా బడి ఆగిపోయింది. ఆమె నాకు బంధువేమీ కాదు. అందరూ పెద్దమ్మా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. కింద కుట్టు దుకాణం, మీద ఒంటి గది. ఎదురుగా చర్చివాళ్ల విశ్వవిద్యాలయం వెనక గేటు. అక్కడ పట్టా పుచ్చుకునే పిల్లల నల్ల గౌన్లన్నీ ఆమె మిషను మీదే తయారయ్యేవి.

పెద్దమ్మకు నా అన్నవాళ్లు లేరు. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు ఉండేవి. నేను వచ్చాక రెండో గ్లాసు కొంది.

నాకు కొత్తవాళ్లతో నోరు పెగిలేది కాదు. కొలతలు తీసేటప్పుడు ఎవరూ పలకరించకుండా పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునేదాన్ని.

"నోటికి తాళం వేశావా ఏమే? నిన్ను చేసుకునేవాడు ఎంత అదృష్టవంతుడో! జన్మలో ఒక్క మాట పడక్కర్లేదు" అనేది పెద్దమ్మ.

కొలత తీయందే ఆమె గుడ్డకు కత్తెర తగిలించేది కాదు. ఫోన్లో కొలతలు చెప్తామంటే, "మనిషి రాకపోతే గౌను గడ్డిబొమ్మకు కుడతాను" అనేది.

ఒకరోజు విశ్వవిద్యాలయంలో విరాళాలు చూసే ఆయన దుకాణానికి వచ్చాడు. పెద్దమ్మ తన తర్వాత దుకాణమున్న ఆ సొంత ఇల్లు విశ్వవిద్యాలయానికి చెందేలా, దాని అద్దెతో ఒక పేద పిల్ల చదువు సాగేలా వీలునామా రాయించింది.

"ఆ పిల్లను ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది.

"ఇది మీ తర్వాత మొదలయ్యే స్కాలర్‌షిప్ అమ్మా. ఆ అమ్మాయి ఇంకా..." ఆయన నసిగాడు.

"నేను పోతేగానీ రాదన్నమాట."

"అలా అనకండి."

"మరెలా అనను బాబూ? అతుకులు గుడ్డకు వేస్తాను గానీ మాటకు వేయలేను."

ఆ ఏడు దాతల భోజనానికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ ప్రతి దాత పక్కన, వాళ్ల సాయంతో చదివే విద్యార్థి కూర్చుంటాడు. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. హాలంతా కబుర్లు, నవ్వులు. పెద్దమ్మకు ఒకవైపు నేను, రెండోవైపు ఖాళీ కుర్చీ.

వడ్డించే అతను ఆ కుర్చీ పట్టుకుని, "ఇక్కడెవరూ లేరుగా అమ్మా, తీసుకెళ్లనా?" అన్నాడు.

పెద్దమ్మ కుర్చీ మీద చెయ్యి వేసింది. "ఉన్నారు నాయనా. రావడం ఆలస్యమవుతుంది."

మర్నాడు పెద్దమ్మ నల్లగుడ్డ పరిచి, టేపు ముట్టుకోకుండానే కత్తెర వేసింది. నేను బిత్తరపోయాను.

"ఎవరిది పెద్దమ్మా?"

"ఆలస్యంగా వచ్చేదానిది. పొడుగో పొట్టో, బొద్దుగా ఉంటుందో ఏమో. కుట్ల లోపల బాగా గుడ్డ వదిలాను. విప్పి సరిచేయడం నీ పని." కాసేపు మిషను తొక్కి ఆపింది. "నా పేరు గోడ మీద రాస్తారట. గోడ మాట్లాడుతుందా? అదీ నీలాంటిదే. నేనెలాంటిదాన్నో ఆ పిల్లకు నువ్వే చెప్పాలి. తెలియకుండా వెళ్లిపోతే, నేనిచ్చింది దానికి చేరినట్టు కాదే."

తలూపాను. నాకు తెలిసింది అదొక్కటే.

ఆ చలికాలమే పెద్దమ్మ పోయింది. విశ్వవిద్యాలయంవాళ్లు దుకాణం నాకే అద్దెకిచ్చారు. గౌను గోడకు తగిలించాను. పెద్దమ్మ గ్లాసు బోర్లించాను.

తర్వాత ఆ అద్దెతో చదువుకునే పిల్ల విశ్వవిద్యాలయంలో చేరింది. పాస్టర్ గారు ఆమెను దూరం నుంచి చూపించారు. సన్నగా, బాగా పొడుగు. ఏళ్ల తరబడి రోజూ గేటు దాటి వెళ్లే ఆమెను కిటికీలోంచి చూశాను. పిలుద్దామని గుమ్మం దాకా వెళ్లేదాన్ని, వెనక్కి వచ్చేదాన్ని. ఆమెకు చెప్పాల్సినవన్నీ రాత్రిళ్లు మిషనుకు చెప్పుకునేదాన్ని.

చివరికి పట్టా అందుకునే ముందు గౌను కోసం ఆమే వచ్చింది. పెద్దమ్మ కుట్టి ఉంచిన గౌను తొడిగితే మోకాళ్ల దగ్గరే ఆగింది. అంచు మడత మొత్తం విప్పాను. ఇన్నాళ్లూ గోడకు వేలాడి పైగుడ్డ కాస్త వెలిసింది, మడత లోపలిది మాత్రం కొత్తదిలా నల్లగా ఉంది. రెంటి మధ్యా గీత పడింది.

"ఈ గీతేంటక్కా? ఇది ఇంతకుముందు ఇంకెవరిదైనా గౌనా?"

నా పెదవుల మధ్య గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చాను.

"కాదు. నీదే" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

లోపలికి వెళ్లి, బోర్లించిన గ్లాసు కడిగి నీళ్లు తెచ్చాను. పెద్దమ్మ స్టూలు ముందుకు జరిపాను.

"కూర్చో. చెప్పడానికి కాస్త టైం పడుతుంది. నాకు మాట్లాడటం అంతగా రాదు."