మా నాన్న తట్టి చూసిన పలక

మేముండే కాపెల్ ఊళ్ళో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఎలక్ట్రానిక్స్ షాపులో, పొడవాటి తెల్ల బల్ల మీద, వెయ్యి టాబ్లెట్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వెయ్యి అని నేనంటే, పక్కనే ఉన్న మా మనవరాలు అనిక లెక్కపెట్టి పద్నాలుగు అంది. సరే, పద్నాలుగు. వాటిలో పదమూడు రంగురంగుల బొమ్మలతో వెలిగిపోతుంటే, చివరిది ఒక్కటే ఆరిపోయి, నల్లగా, నున్నగా, పైనుంచి లైటు పడినచోట కొంచెం బూడిద రంగు తేలుతూ ఉంది. దాన్ని చూడగానే నా చెయ్యి నా మాట వినడం మానేసింది. దొంగలెత్తుకుపోకుండా కట్టిన తీగ సాగినంత మేర దాన్ని పైకెత్తి, ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కుడిచేతి మధ్యవేలి కణుపుతో మెల్లగా తట్టాను.

"తాతయ్యా, అది డోర్ కాదు. నాక్ చేయకు," అంది అనిక.

షాపులో పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చి ఏమైనా ప్రాబ్లమా అని అడిగితే, "నో, హి ఈజ్ జస్ట్ లిజనింగ్," అని అదే సర్దిచెప్పింది. దానికి పదకొండేళ్ళు. నా పరువు కాపాడటంలో వాళ్ళమ్మ కంటే నయం.

మేము టాబ్లెట్ కోసం ఎందుకు బయలుదేరామో ముందు చెప్పాలి. మా అక్క సుభద్ర వర్జీనియాలో, షాంటిలీలో కొడుకు దగ్గర ఉంటుంది. నాకంటే మూడేళ్ళు పెద్ద. కిందటి దసరాకు అందరం అక్కడ కలిసినప్పటికే ఆమెకు సగం వినపడటం లేదు. "మా నాయనకీ ఇంతే. నడిమి వయసులోనే చెవి పాయె. ఆయన్నుంచే నాకొచ్చింది," అని ఆమె తన మనవలకు చెబుతుంటే నేను పక్కనే కూర్చుని గారె తింటున్నాను. ఆ గారె నా గొంతులో అడ్డం పడింది. పడలేదు, ఆ తర్వాత ఇంకో రెండు తిన్నాను కూడా, కానీ వాటి రుచి నాకు తెలియలేదు. చలికాలం వచ్చేసరికి అక్కకు ఆ మిగిలిన సగమూ పోయింది. చెవిలో మిషన్లు పెట్టినా లాభం లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే మా మేనల్లుడు నా మాటను ఆమె చెవిలో అరుస్తాడు, ఆమె ఇంకేదో అనుకుని దానికి జవాబు చెబుతుంది. అలా "అన్నం తిన్నావా" అని అడగొచ్చు, అంతవరకే. నేను చెప్పాల్సింది ఇంకొకరి చేత అరిపించే మాట కాదు. మా నాన్న చెవి పోలేదు. పోయిందని అందరూ అనుకునేలా చేసినవాణ్ణి నేను.

మాది మార్కాపురం. ఆ ఊరి చుట్టుపక్కల నేల కింద ఉన్నదంతా పలకరాయే. బండ్ల మీద వచ్చిన రాతిదిమ్మలను రేకుల షెడ్లలో కూర్చున్న మనుషులు పల్చటి ఉలితో, తడిసి అంటుకుపోయిన పుస్తకంలో పేజీలు విప్పినంత ఓపికగా, పొర తర్వాత పొర విడదీసేవాళ్ళు. దాని దుమ్ము ఆరేసిన పంచెల మీద, మజ్జిగ కుండ మూత మీద, గేదె మూతి మీద, నాన్న కనురెప్పల మీద సన్నగా పరుచుకుని ఉండేది. ఎండలు కాసి కాసి తొలకరి చినుకు పడిందంటే చాలు, ఊరు ఊరంతా ఒక్కసారిగా తడి పలక వాసన వేసేది, బళ్ళు ఇంకా తెరవకముందే మాకు బడి వాసన కొట్టేది. తొక్కుడుబిళ్ల ఆడటానికి షెడ్డు వెనక పారేసిన ముక్కలను గుండ్రంగా అరగదీసుకునేవాళ్ళం. ఉగాదికి అమ్మ ఓళిగలు ఒత్తేది చట్రం లేని ఒక పెద్ద పలక మీద. నెయ్యి పీల్చి పీల్చి అది అద్దంలా తయారైంది, అమ్మ వంగితే ముక్కుపుడక అందులో కనిపించేది. మేము రాసుకునే పలకలకు మాత్రం దొండాకు రసం, బొగ్గుపొడి కలిపి పట్టించి ఎండలో ఆరబెట్టేవాళ్ళం. ఆరాక వాటి నలుపు చూస్తుంటే చెయ్యి పెడితే మునిగిపోతుందేమో అనిపించేది.

షెడ్డులో మా నాన్న పని పలకలు తట్టి చూడటం. తయారైన పలకల దొంతి కుడివైపు, ఖాళీ చాప ఎడమవైపు, మధ్యలో ఆయన. ఒక్కో పలకను వేళ్ళ కొసల మీద నిలబెట్టి కణుపుతో ఒక్కసారే తట్టేవాడు. ఖంగుమంటే చాప మీదికి, బొయ్‌మంటే వెనక గుట్టలోకి. కంటికి కనిపించని నెర్రె ఆయన చెవికి దొరికిపోయేది. ఆయన తడుతున్నంతసేపు షెడ్డులో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు, సావుకారు కూడా దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గేవాడు. వీధిలో నడిచిపోతూ ఏ ఇంట్లో కుండ బీటలిచ్చిందో చెప్పగలిగేవాడు మా నాన్న. ఇది నేను నలభై ఏళ్ళుగా చెబుతున్న మాట, నిజానికి మా ఇంట్లో కుండల సంగతి మాత్రమే చెప్పేవాడు. కానీ చెప్పినవాటిలో ఒక్కటీ తప్పేది కాదు. అన్నానికి కూర్చోబోతూ గుమ్మడికాయను తట్టేవాడు, గోడను తట్టేవాడు, వరసగా మా ఇద్దరి తలలు కూడా తట్టి, "పాపది బాగానే ఉంది. ఈడిది గుట్టలో ఎయ్యాల్సిందే," అనేవాడు.

నాకు అక్షరాలు నేర్పింది అక్కే. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, బలపం ఎక్కడ ఆగాలో ఎక్కడ తిరగాలో పట్టి నడిపించేది. ఆమె రాస్తే గుండ్రటి అక్షరాలు నేలలోంచి మొలిచినట్టు పలక మీద లేచి నిలబడేవి. ఐదో తరగతిలో, బడికి పెద్దదొర ఎవరో తనిఖీకి వస్తున్నాడని, ఆయన ఎదుట అక్క రాసి చూపించాలని పంతులుగారు కబురుపెడితే, నాన్న వారం రోజులు దొంతులన్నీ వెతికి ఒక పలక ఏరి తెచ్చాడు. గవర్నరు పిల్లల కోసం పక్కన పెట్టిన పలక అది అని నేను బడిలో ప్రచారం చేశాను. అది అందరి పలకల్లాంటిదే, కాకపోతే ఒక్క మచ్చ కూడా లేదు. ఇంట్లో దీపం దగ్గర నాన్న దాన్ని మా అందరికీ వినిపించాడు. ఒక్క దెబ్బకు అది మోగిన మోతకు అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

షెడ్డు వెనక పనికిరాని పలకల గుట్ట తాటిచెట్టంత ఉండేది. సరే, మా ఇంటి కప్పంత. దాని మీదినుంచి పలక మీద కూర్చుని కిందికి జారడం మా ఊరి పిల్లల ఆట, వేరే ఏ ఊళ్ళోనూ ఈ ఆట ఉండదనుకుంటాను. మచ్చలేని పలక ఎంత జోరుగా జారుతుందో చూడాలని నాకు తనిఖీకి ముందురోజు మధ్యాహ్నమే బుద్ధి పుట్టింది. జారాను. అంత వేగం మళ్ళీ విమానంలో కూడా నాకు తెలియలేదు. అడుగున ఒక రాయి తగిలింది. తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా ఏమీ లేదు. దుమ్ము తుడిచి అక్క సంచిలో పెట్టేశాను. నాన్న కొడుకుని కదా, తట్టి చూడొచ్చు. భయపడి తట్టలేదు.

మర్నాడు ఆ దొర ఎదుట అక్క రెండో వాక్యం మొదలుపెట్టగానే పలక ఆమె చేతుల్లోనే రెండు ముక్కలైంది. సాయంత్రం నాన్న ఆ ముక్కలను ఒళ్ళో పెట్టుకుని, పగిలిన అంచు మీద బొటనవేలు రాస్తూ, "ఇంత నెర్రె నాకు ఇనపళ్ళేదే," అన్నాడు. తిట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను, నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆ తర్వాత నాన్న ప్రతి పలకనూ మూడుసార్లు తట్టేవాడు, దానికేసి అనుమానంగా చూసి మళ్ళీ తట్టేవాడు. దొంతి కరిగేది కాదు. ఉగాది వెళ్ళాక ఆయనే సావుకారు దగ్గరికి పోయి, "నా చెవి పోయిందయ్యా," అని చెప్పి, పెట్టెల్లో గడ్డి పరిచి పలకలు సర్దే పనికి మారిపోయాడు. ఇంట్లో కుండలనూ మా తలలనూ తట్టడం కూడా అప్పుడే ఆగిపోయింది.

అందుకని షాపులో నాకు కావాల్సింది ఏమిటో నాకు బాగా తెలుసు. మా అమ్మాయి సునీత ముందే ఒక పట్టిక తయారుచేసి ఇచ్చింది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, లోపల ఎంత జాగా, కెమెరాలు ఎన్ని అని. రెండు కొనాలి, నాకొకటి అక్కకొకటి, కాబట్టి ఖరీదైనది వద్దని కింద గీత గీసింది. నేను పట్టిక మడిచి జేబులో పెట్టుకుని అనికకు మూడే చెప్పాను: బడి పలక కంటే చిన్నది కాకూడదు, పెన్నుతో రాయాలి, నేనిక్కడ రాస్తే అక్కడ అక్కకు కనపడాలి. అది పద్నాలుగింటినీ వడపోసి, కిందటేడాది మోడల్, పెన్ను డబ్బాలోనే వచ్చేది ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. రెండూ కలిపినా, వరసలో మొదట తళతళలాడుతున్నదాని ధర కాలేదు. రాసి చూస్తే పెన్ను అద్దం మీద జర్రున జారిపోతోంది. "పేపర్ ఫీల్ ఫిల్మ్ వేద్దాం తాతయ్యా," అని గరుకు పొర ఒకటి తెచ్చి అంటించింది. అప్పుడు పెన్ను కింద సన్నగా గీరుకున్న చప్పుడు వచ్చింది, నా మెడ మీద వెంట్రుకలు లేచాయి.

రెండోది షాంటిలీ చేరింది. మేనల్లుడు అక్క ముందు పెట్టి, ఇద్దరం ఒకే పేజీలో రాసేలా అమర్చాడు. భోజనాల వేళకు ముందు, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను "అ" రాశాను. దాని కింద, ఎవరి చెయ్యీ కనపడకుండా, ఒక గీత మొదలై, ఆగాల్సిన చోట ఆగి, తిరగాల్సిన చోట తిరిగి, "ఆ" అయింది. పదమూడు వందల మైళ్ళ అవతల మా అక్క చెయ్యి ఆ క్షణంలో ఎలా కదులుతోందో అలాగే నా కళ్ళ ముందు కదిలింది. మైళ్ళ సంఖ్య నేనే వేసుకున్నాను, మీరు సరిచూసుకోండి. కదలిక మాత్రం నిజం. డెబ్బై అయిదేళ్ళు బతికి నేను చూసిన వింతల్లో దీన్ని మించింది లేదు.

"అక్కా, నీ పలక మీదికి పిల్లి దూకింది" అని మొదలుపెట్టాను. చెరిపేశాను. "నాయన చెవి పోలేదు. నీ పలక మీద కూర్చుని నేను గుట్ట మీదినుంచి జారినాను. నెర్రె ఇచ్చింది అప్పుడే," అని రాశాను.

అటునుంచి వచ్చింది. "నాయనకు చెప్పినావా?"

"లేదు."

తెర అలాగే ఉండిపోయింది. "తాతయ్యా, వైఫై పోయిందా?" అంది అనిక.

"పోలేదు తల్లీ. మా అక్క ఆలోచిస్తోంది."

అనిక నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. సునీత కుక్కర్ దించి, అన్నానికి పిలిచి, మళ్ళీ పిలిచింది. అప్పుడు అక్షరాలు వచ్చాయి, పెద్దవి, వంకర లేనివి, నా అక్షరాలకు తగలకుండా వాటికి దూరంగా. "ఆ మనిషిని చెవిటోడని నా పిల్లలకు చెప్పినా, వాళ్ళ పిల్లలకు చెప్పినా. ఇప్పుడు నువ్వు రాయి. అందరూ చదివేటట్టు రాయి. కథలు చెప్పబాక."

ఆ షెడ్లు ఇప్పుడు లేవని విన్నాను. గుట్టను చదును చేసి ఇళ్ళు కట్టుకున్నారట. దొండాకు దేనికి వాడేవాళ్ళో మా అనికకు చెబితే, కూర వండుకోవచ్చుగా అంటుంది. నేను క్షమించమని అడగాల్సిన మనిషి అయితే మరీ ముందే వెళ్ళిపోయాడు, తన చెవి మీద తనకు నమ్మకం లేకుండానే. అక్క నన్ను క్షమించానని ఇంతవరకూ రాయలేదు. పొద్దున కాఫీ అయిందా అని రాస్తే అయిందని రాస్తుంది, అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాయదు. నిన్న మాత్రం అడక్కుండానే ఒక మాట వచ్చింది: "రాసినావా?"

రాశాను అక్కా. ముందు నీకే పంపుతున్నాను, చదువు.