కొండ దిగువ అరుగు మీంచి కొల్లేరు

ఇది మహాకావ్యానికి సరిపడే కథ. ఇందులో కొండ ఉంది, సరస్సు ఉంది, ఎడబాటు ఉంది, శపథం కూడా ఉంది. కాకపోతే కొండ ఎక్కడానికి పావుగంట చాలు, ఎడబాటు రెండు బస్సులు మారేంత దూరం, శపథం చేసింది మా అమ్మ, అదీ చేపలు తోముతూ. అంచేత కావ్యం మాట వదిలేద్దాం. మొన్న పొద్దున పేపరు మడతలోంచి ఒక రంగుల కాగితం జారి నా కాఫీలో పడబోయింది, అసలు సంగతి అదీ. కొండ ఒడిలో కలల విల్లాలట. బొమ్మలో కొండ భుజాన గూనిలా ఉన్న బండను చూడగానే పోల్చుకున్నాను. పంతొమ్మిది వందల యాభైల్లో మా నాన్న ఆ గూని కిందే ఇల్లు కట్టినప్పుడు దాన్ని కల అని ఎవరూ అనలేదు, మతి చలించిందన్నారు.

నాన్న కొల్లేటి గట్టున ఒక పల్లెలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. బళ్ళో ఎంత అల్లరినైనా ఒక్క చూపుతో అణచగలిగిన మనిషికి తన ఊపిరి మాత్రం అదుపులోకి రాలేదు. వానాకాలం వచ్చిందంటే ఆయాసం, గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర. ఏలూరు డాక్టరుగారు ఆ చెమ్మగాలిలో ఇంకో రెండు వానాకాలాలు గడిపితే తాను చేయగలిగింది ఉండదని చెప్పి, మెట్టకు పొమ్మన్నారు. సరిగ్గా అప్పుడే నాన్నలాంటి పింఛనుదారులు ఏడెనిమిది మంది కలిసి, జంగారెడ్డిగూడెం దారిలో ఆ కొండ దిగువ స్థలాలు తీసుకుంటున్నారు. నాన్న కూడా చేరారు. అమ్మ చేరలేదు. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టింది, నీటి గట్టునే కాపురం చేసింది. పొద్దున లేచి పెరటి తలుపు తీస్తే నీళ్ళు కనిపించాలి, అది ఆవిడకు ముఖం కడుక్కోవడం లాంటిది.

ఆ కొండ దిగువ ఊరివాళ్ళకు మా వాళ్ళ వ్యవహారం బొత్తిగా అంతుబట్టలేదు. ఉలవలు కూడా విసుక్కుంటూ మొలిచే ఆ ఎర్రనేలను చదువుకున్నవాళ్ళు కోరి కొనుక్కుంటున్నారంటే కింద లంకెబిందెలు ఉండే ఉంటాయని తేల్చుకుని, పునాదులు తవ్వినన్ని రోజులూ పిల్లాజెల్లాతో వచ్చి చుట్టూ కూచున్నారు. బిందెలు రాలేదు, రాళ్ళే వచ్చాయి. అప్పటినుంచి మా వాళ్ళమీద వాళ్ళకి అనుమానం పోయి జాలి పుట్టింది, ఆ కాలనీకి పింఛన్లపేట అని పేరూ పెట్టారు. ఆ ఊరివాళ్ళ ఇళ్ళన్నీ కొండకు వీపు పెట్టి ఉండేవి, అటువైపు చిన్న కిటికీ అయినా ఉండేది కాదు. నాన్న మాత్రం పడమటి గోడకు మనిషెత్తు కిటికీ పెట్టించారు, ప్రకృతి కోసం. మేకలు తోలుకుంటూ వచ్చే ఒక పెద్దాయన దాన్ని ఎగాదిగా చూసి, "కొండని చూడ్డానికి కిటికీ ఎందుకండి బాబూ? అదెక్కడికీ పోదు కదండి," అన్నాడు. ఎండాకాలం రాగానే మర్మం బోధపడింది. పగలల్లా కాగిన బండలు సాయంత్రమైతే ఆ వేడినంతా తెచ్చి కిటికీలోంచి మాకు అప్పగించేవి. ప్రకృతికి తాటాకు తడిక అడ్డం కట్టాం.

నాకప్పుడు తాడేపల్లిగూడెంలో కొత్త ఉద్యోగం. ఆదివారాలు నాన్న దగ్గరికో అమ్మ దగ్గరికో వెళ్ళడం నా అసలు ఉద్యోగం. అక్కడినుంచి ఆయన వండుకున్న మాడు వాసన, ఇక్కడినుంచి ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ మోసేవాణ్ణి. ఆయనకు ఆయాసం తగ్గింది, మనిషి మాత్రం ఇద్దరుండాల్సిన ఇంట్లో ఒక్కరే మిగిలినట్టు తిరిగేవారు. ఒక ఆదివారం, అమ్మతో చెప్పమని, నా ముఖం చూడకుండా ఒక మాటన్నారు. వంటింటి వెనక అరుగు మీద నిలబడితే దక్షిణాన కొల్లేరు కనిపిస్తోందట.

అమ్మ చేపలు తోముతున్న చేతులు ఆపలేదు. "సరే, వస్తాను. నీళ్ళు కనబడని రోజున మాత్రం ఏలూరు బస్సెక్కేస్తాను, మీ నాన్నగారికి చెప్పు," అంది.

వచ్చింది. మర్నాడు పొద్దున నాన్న ఆవిణ్ణి అరుగు మీదికి తీసుకెళ్ళి వేలు చూపించారు. దూరంగా తాటిచెట్ల సందున వెండి జలతారులా ఒక గీత తళతళలాడుతోంది. అమ్మ చాలాసేపు చూసి, "బానే ఉందండీ," అని పొయ్యి రాజేయడానికి వెళ్ళిపోయింది. నేను మేకల పెద్దాయన్ని అడిగాను. "కొల్లేరేంటండి, ఆయ్! మా మేనల్లుడు పొగాకు కాల్చే కొట్టమండి, బ్యారనండి అది. పైకప్పు జింకు రేకులండి," అన్నాడు. ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని, ఎంతో త్యాగం చేస్తున్నవాణ్ణిలా తిరిగాను. వైశాఖం వచ్చింది. కొల్లేరు చిక్కిపోయి బురద బీటలు వారే రోజుల్లో కూడా ఆ గీత ఒక్క వేలెడు తగ్గలేదు. లంకలో పుట్టిన మనిషికి ఆ లెక్క ఒకరు చెప్పాలా అని నాకు తట్టలేదు. రోజూ ఇద్దరూ కాఫీ గ్లాసులతో అరుగు మీద కూచుని, ఈ ఏడు నీళ్ళు బాగానే ఉన్నాయని చెప్పుకునేవారు.

రెండో ఏడు కార్తీకంలో, నేను అక్కడుండగానే, ఒక పొద్దున ఆ గీత కనిపించలేదు. ముసురు వదిలి ఆకాశం తేటగా ఉంది, తాటిచెట్లు ఉన్నాయి, వాటి సందున ఏమీ లేదు. నాన్న గ్లాసు అరుగు మీద పెట్టేసి రోడ్డుకేసి చూశారు. ఆయన భయం బస్సు గురించి. అమ్మ తీరిగ్గా కాఫీ ఊదుకుని, "ఎండిపోయుంటుందిలెండి. చల్లారిపోతోంది, తాగండి," అంది.

కార్తీకంలో, గట్లు తెగేలా కొల్లేరు నిండి ఉండే నెలలో! లంకలో చంటిపిల్ల కూడా అనని మాట. బళ్ళో ఏ పిల్లవాడు చెప్పినా ఒప్పుకోని అబద్ధాన్ని నాన్న తల ఊపి ఒప్పుకున్నారు. "అవునవును, ఈ ఏడు వానలు తక్కువ," అన్నారు, చూరునుంచి ఇంకా నీళ్ళు కారుతుండగానే. బస్సు ఊసు ఆ రోజూ రాలేదు, తర్వాత ఇరవయ్యేళ్ళూ రాలేదు. నాన్న పోయాక కూడా అమ్మ గట్టుకు పోలేదు. ఆ అరుగు మీదే కూచునేది.

ఇప్పుడు ఈ రంగుల కాగితంలో కొన్ని విల్లాలకు లేక్ వ్యూ కూడా ఉందని, వాటి ధర వేరని రాశారు. కొనేవాళ్ళు సరస్సు కనిపించకపోతే కోర్టుకు వెళ్తారు కాబోలు, వెళ్ళాల్సిందే కూడాను. కనిపించని నీళ్ళను రోజూ పొద్దున కాఫీతో పాటు చూసి, బాగున్నాయని చెప్పేవాళ్ళు మాత్రం ఈ కాలంలో ఏ కాలనీలో దొరుకుతారో నాకు తెలియదు.

ఇంతకీ ఆ గీత ఏమైందో ఆ రోజే వెళ్ళి కనుక్కొచ్చాను. వానకు కారుతున్నాయని రేకులకు తారు పూశారట.