పన్నెండిళ్ల ముద్రలు

ప్రమీలాదేవి కూరగాయలను రుచి కోసం కొనదు, కోత కోసం కొంటుంది. సిద్దిపేట రైతుబజారులో ఆమె కనిపిస్తే అమ్మేవాళ్లు కత్తి దాచేస్తారు. "ఒక్క బెండకాయ అడ్డంగ కొయ్యి బిడ్డా, లోపల పువ్వెట్లున్నదో చూస్త" అంటుంది. పువ్వు కుదిరితే కిలో. వంకరగా ఉంటే పక్క కొట్టుకు పోతుంది.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక గ్రీటింగ్ కార్డుల పిచ్చి పట్టుకుంది. కోసిన ముక్కను గుడ్డ మీద తడి లేకుండా అద్ది, రంగు ప్యాడ్ మీద ఒత్తి, కార్డు మీద పెట్టి, కదలకుండా పైకి లేపుతుంది. ముద్ర వేయగా మిగిలినవి భర్త నరహరి కంచంలోకి వస్తాయి.

"కూర నీలంగ ఉన్నదేందే?"

"వంకాయ రంగు గట్లనే ఉంటది. తినుండ్రి."

"గిది ఆలుగడ్డ గదనే."

పోయిన నెల ఈ పిచ్చి వీధికెక్కింది. ముప్పై ఏళ్లు ఆ వాడ చెత్త ఎత్తిన పోశమ్మ రిటైరవుతోంది. కిరాణా కొట్టు రాధాకిషన్ వాడ సంఘానికి పెద్ద. సన్మానపత్రం రాయించి ఫ్రేము కట్టిస్తానన్నాడు. ప్రమీలాదేవి ఒప్పుకోలేదు. పన్నెండిళ్లకూ కలిపి ఒకటే కార్డు, అదీ తానే చేస్తానంది. రంగులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వెనక నరహరి కత్తిపీట మోశాడు. ప్రతి గడపలోనూ ఒకటే ప్రశ్న.

"మీ ఇంట్ల ఎక్కువ ఏం కోస్తరు?"

నరహరికి తల తీసేసినట్లయింది. "మంది వంటింటి ముచ్చట మనకెందుకే?"

"మీరు కత్తిపీట మంచిగ పట్టుండ్రి."

భువన ఇంట్లో కాకరకాయ. సిద్ధయ్య ఇంట్లో ఉల్లిగడ్డ. వాడలో అందరికీ ఆరోగ్యం మీద ఉపన్యాసాలిచ్చే రాధాకిషన్ మాత్రం ఛాతీ విరిచి, "మా ఇంట్ల సొరకాయ. ఏడాది సంది గదే" అన్నాడు.

పోశమ్మ రిటైరయ్యే రోజు పొద్దున వాడంతా చేరింది. నరహరికి లోపల గుబులు. కార్డు మీద పేరు లేదు, ఒక్క అక్షరం లేదు. ముప్పై ఏళ్ల చాకిరీకి కూరగాయ ముక్కలా అని జనం నవ్వితే పోశమ్మ మొహం ఏమవుతుంది?

ప్రమీలాదేవి కార్డు చేతికిచ్చింది. చదువు రాని పోశమ్మకు ఏ కాగితమొచ్చినా పక్కవాళ్లకు చాపడం అలవాటు. "ఎవలన్న చదివి చెప్పుండ్రి" అంది.

"నువ్వే చదువు" అంది ప్రమీలాదేవి.

పోశమ్మ వేలు కాకరకాయ ముద్ర మీద ఆగింది. కాసేపటికి మొహం విప్పారింది. "గిది భువనమ్మ ఇల్లు. వారానికి ఐదొద్దులు కాకర గింజలే. గీ ఉల్లిగడ్డ సిద్ధయ్యన్నది, బుట్ట నిండ పొట్టే. బెండకాయ మా టీచరమ్మది. ఎర్రగ, పచ్చగ ఉంటయి. మొదట్ల ఏం రోగమొచ్చిందో అనుకున్న."

వాడంతా గొల్లున నవ్వింది. ముద్రకో ఇల్లు, తప్పు లేకుండా చెప్పుకుపోయింది. మన తడి చెత్త ఎత్తే మనిషికి మన ఇళ్లన్నీ తెలుసు. ఆమె ఇల్లెక్కడో మనలో ఎందరికి తెలుసు? ప్రమీలాదేవి ఎందుకలా గడపగడపనూ అడిగిందో నరహరికి అప్పటికి అర్థమైంది.

చివరి ముద్ర దగ్గర పోశమ్మ ఆగిపోయింది. "సొరకాయ ఎవలది? మన వాడల సొరకాయ కోసేటోళ్లే లేరు గద."

రాధాకిషన్ దగ్గాడు. "మాదేనమ్మా."

"మీదా సేటు? మీ బుట్టల ఎప్పుడు చూసినా ఆలుగడ్డ పొట్టు, బజ్జీల కాగితాలే."

"నిజం చెప్పుండ్రని నేనప్పుడే అన్న" అంది ఆయన భార్య పద్మమ్మ.

రాధాకిషన్ తనే ఇంట్లోంచి ఆలుగడ్డ తెచ్చి, కోసి, రంగులో ముంచి, సొరకాయ పక్కన వంకరగా ఒక ముద్ర గుద్దాడు.

"గిప్పుడు సక్కగున్నది" అంది పోశమ్మ. కార్డును రెండు చేతులా ఎత్తి పట్టుకుని గొంతు సవరించుకుంది. "అందరు కూసోండ్రి. మొదటికెళ్లి మళ్ల చదువుత."